ఆర్కాషాకి బయట తినాలనిపించింది

ఫిబ్రవరి 9, శనివారం

ఆర్కాషా బయట తిందాం పద అన్నాడు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆ నోట ఒక్కసారి రాని మాట. ఎవరైనా హోటల్‌కి పిలిస్తే, "ఇంట్లో వంటమనిషిని పెట్టుకుని ఊరిమీద పడి తింటానా" అనేవాడు. ఆ వంటమనిషిని నేనే. పగలు కిండర్‌గార్టెన్ పిల్లలకి వండుతాను, సాయంత్రం ఈయనగారికి వండుతాను. మాకు పిల్లల్లేరు. ఇంట్లో ఇద్దరమే, ఒకరు వండడం, ఒకరు తినడం.

ఎందుకు బయలుదేరాడో తెలుసు కాబట్టి కిక్కురుమనకుండా కోటు తొడుక్కున్నాను. వచ్చే నెల ఇరవైన ఆపరేషన్. ట్రాలీబస్ డ్రైవర్లకి ఏటా చేసే పరీక్షల్లో ఒంట్లో రక్తం తక్కువుందన్నారు, నోట్లోంచి గొట్టం దింపి చూశారు, కడుపులో కేన్సర్ అన్నారు. గడ్డ ఒక్కటే తీస్తే చాలదట, జీర్ణాశయం మొత్తం తీసెయ్యాలట. నొప్పి లేదు, ఆకలి చావలేదు, మొన్నటిదాకా బండి నడిపాడు. ఇదెక్కడి విడ్డూరం? డాక్టరు నా మొహం చూసి, "బతికించడానికే చేస్తున్నామమ్మా, మాట మాత్రం ఇవ్వలేను. బతికి బయటపడ్డా ఇక పిచ్చుకలా తినాల్సిందే" అన్నాడు. సరే, ఉన్నన్నాళ్ళు తిననీ.

స్టేషన్ దగ్గర పెల్మెనీ కొట్టుకి వెళ్ళాం. పిండి చెప్పు అట్టలా ఉంది, లోపల మాంసాన్ని వెతుక్కోవాలి. ఆ మీగడ మీగడేనా అని అడుగుదామనుకున్నాను. ఆర్కాషా మాత్రం ప్లేటు నాకేశాడు. వడ్డించే పిల్ల చేతినిండా గిన్నెలతో అవస్థ పడుతుంటే లేచి నాలుగు అందుకున్నాను.

"కూర్చోవే. ఇక్కడ నీకు జీతమిస్తున్నారా?" అన్నాడు.

"ఆ పిల్ల పడేస్తుందిరా బాబూ."

"పడేస్తే పడేస్తుంది. నువ్వు కూర్చో."

డబ్బులిచ్చాక ఆ పిల్లనే అడిగాడు, పగటిపూట హాలు మొత్తం ఇస్తారా, ఓ పాతికమందికి, అని. నా గుండె ఝల్లుమంది, సంతోషంతో! మార్చి ఇరవై ఏడున ఆయనకి అరవై నిండుతాయి. పైకి గుంభనగా ఉంటాడు గానీ లోపల లెక్కలు వేసుకుంటున్నాడన్నమాట. షష్టిపూర్తి గురించి ఆలోచించేవాడు ఆపరేషన్ బల్ల మీంచి లేచి తీరతాడు.

ఫిబ్రవరి 10

నోరు ఊరుకోక నెల్లీ వదినతో అన్నాను. ఆర్కాషాకి అక్క, నాకు ఆడపడుచు, ఈ ఊళ్ళో ఉన్న శకునాలన్నిటికీ పెద్దదిక్కు. వెంటనే శిలువ గీసుకుని ఎడమ భుజం మీంచి మూడుసార్లు ఉమ్మింది.

"నీకు మతిగాని పోయిందా ఫాయినా? పుట్టినరోజు ముందుగా చేస్తారుటే? ముందుగా శుభాకాంక్షలు చెప్పించుకున్నవాడు ఆ రోజు చూడడు!"

"చెయ్యడం లేదు వదినా, హాలు చూస్తున్నాం, అంతే."

"చూడడమూ చెయ్యడమే."

"మరైతే నీ నల్ల శాలువా ముందే కొనిపెట్టుకున్నావేం?" అని నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను. నేను మాత్రం చూస్తాను. ఆయన అడగగా లేనిది నేను చూస్తే తప్పా?

ఫిబ్రవరి 16, శనివారం

నది ఒడ్డున జార్జియా వాళ్ళ రెస్టారెంటు. రొట్టె మీద జున్ను కరిగించి గుడ్డు కొట్టి ఇచ్చారు. ఒప్పుకోవాలి, బాగుంది. ఆర్కాషా వేళ్ళు కాల్చుకుంటూ తిన్నాడు. నేను ఓనర్ని డ్యాన్స్ చెయ్యడానికి చోటెంతుంటుందని అడిగాను. ఈయన, "ఆ సంగీతం పూర్తిగా ఆపెయ్యడానికి వీలవుతుందా?" అని అడిగాడు. ఓనరు ఒకసారి నావైపు, ఒకసారి ఆయనవైపు చూశాడు.

"కిస్సెల్ చేస్తారా మీరు?" ఈయనది ఇంకో ప్రశ్న.

"కిస్సెలా? అన్నయ్యా, ఇది రెస్టారెంటు, పిల్లల బడి కాదు."

ఎర్రపళ్ళ రసాన్ని పిండి వేసి చిక్కగా కాచే కిస్సెల్ నేను రోజూ పిల్లలకి బకెట్లకొద్దీ కాస్తాను. ఇంట్లో చేస్తే మూతి తిప్పుకుంటాడు. ఇప్పుడెందుకు దానిమీదకి పోయింది ప్రాణం? చిన్నప్పుడు వాళ్ళమ్మ చేసేది, గుర్తొచ్చి ఉంటుంది. జబ్బు మనిషికి చిన్నతనం గుర్తొస్తుందంటారు.

ఫిబ్రవరి 17

ఇవాళ ఇంట్లోనే. మంచు పారబోశాడు. నేను వద్దంటే విన్నాడా?

ఫిబ్రవరి 23

మగవాళ్ళ పండగ. ఊరంతా తాగి ఉంది. ఎక్కడా ఖాళీ లేక చివరికి జపాన్ భోజనం అని రాసిన చోట దూరాం. తినడానికి రెండు పుల్లలిచ్చారు. ఆర్కాషా ఒకదానితో చేపముక్కని పొడిచి నోట్లో వేసుకుని, "పచ్చిదే" అన్నాడు. చాలా రోజులకి ఇద్దరం నవ్వాం.

తర్వాత హాలు కలయజూసి, "ఈ ఎత్తు స్టూళ్ళ మీద ముసలమ్మలు ఎక్కలేరు" అన్నాడు.

ఏ ముసలమ్మలు? డిపోలో రిటైరైనవాళ్ళు కాబోలు.

ఫిబ్రవరి 27

ఆసుపత్రిలో రక్తపరీక్షలు, గుండె పరీక్ష. సంతకాలు పెట్టించుకున్నారు. ఆ కాగితాల్లో ఏముందో చదవలేదు. ఆయన చదివాడు.

మార్చి 2, శనివారం

ఇవాళ్టిది రాయకూడదు. రాయకపోతే ఎవరికి చెప్పుకోను? వదినకా?

సర్కస్ దగ్గర అట్ల దుకాణం. అట్ల పండగ వారం ఎల్లుండి మొదలు, కాబట్టి జనం విరగబడ్డారు. అట్టు పల్చగా, అంచులు కరకరలాడుతూ, నేను పోసినట్టే ఉంది. ఈ హాలు బాగుంది, వెలుతురుంది, ఇదే ఖాయం చేద్దామని నేను లోపల అనుకుంటూనే ఉన్నాను. మెడలో ముత్యాలేసుకున్న మేనేజరమ్మ మా బల్ల దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"జోనొవ్ గారు మీరేనా? ఫోన్లో మాట్లాడారు కదండీ. దినం భోజనానికి మాకు వేరే మెనూ ఉంది. తేనె కలిపిన గోధుమ కుత్యా, కోడి సూప్, అట్లు, కిస్సెల్. పోయినవారు మీకేమవుతారు?"

ఆర్కాషా తల ఎత్తలేదు. అట్టుని నాలుగు మడతలు పెట్టాడు, మళ్ళీ విప్పాడు.

"షష్టిపూర్తికండీ" అన్నాను నేను.

"కాదమ్మా, ఆయన చెప్పింది..." అని ఆవిడ ఆగిపోయింది.

బయటికొచ్చాం. ట్రాలీబస్ స్టాపు దగ్గర అందరి ముందూ అరిచాను. ఈ ఊళ్ళో సగంమంది డ్రైవర్లకి ఆయన తెలుసు, అయినా అరిచాను.

"ఎవరికి ఆ భోజనం?"

"తెలిసీ అడుగుతావేం?"

"నేను నీ అరవయ్యో పుట్టినరోజుకి హాలు చూస్తున్నాననుకుంటున్నానురా!"

"ముందుగానా? అక్క వింటే నిన్ను చంపేస్తుంది."

"నిన్ను నువ్వే పాతిపెట్టుకుంటున్నావు, మధ్యలో ఆవిడెందుకు? కిస్సెలట! సంగీతం ఆపాలట! ముసలమ్మలు ఎక్కలేరట! ఛీ!"

"ఎవరో ఒకరు చూడాలి కదా ఫాయా."

"నేను లేనూ? నాకు వండడం రాదా? మీ అమ్మ పోయినప్పుడు రెండ్రోజులు పొయ్యి దగ్గర నిలబడి వీధి వీధంతటికీ అట్లు పోశాను. నీకు మాత్రం పొయ్యలేననుకున్నావా?"

"నేనూ అదే అంటున్నాను" అన్నాడు.

ఏమిటో ఆ మాట! బండెక్కి వెనక సీట్లో కూర్చున్నాడు, నేను ముందు నిలబడ్డాను. పోదామని మనసులో మూట కట్టుకున్నవాడిని ఏ డాక్టరు మాత్రం ఆపుతాడు? నన్ను ఒక్కదాన్ని చేసి పోవడానికి ఎంత శ్రద్ధగా ఏర్పాట్లు చేస్తున్నాడో! పెళ్ళికి కూడా ఇంత తిరగలేదు.

మార్చి 3

"ఎక్కడా చెప్పిపెట్టలేదు కదా?"

"లేదు."

"ఒట్టు?"

"ఒట్టు. సూప్‌లో ఉప్పు రెండుసార్లు వేశావు."

నమ్మాను. ఆర్కాషా అబద్ధమాడడు.

మార్చి 6

ఆయన ట్రాలీబస్ డిపోకి వెళ్ళి లాకర్ ఖాళీ చేసి వచ్చాడు. చేతి తొడుగులు, టీ గ్లాసు, పాత రేడియో తెచ్చాడు. "సెలవులోనే కదా ఉన్నది, తీసెయ్యడమెందుకు" అన్నాను. "కొత్త కుర్రాడికి చోటుండాలి కదా" అన్నాడు. తలుపు గట్టిగా వేశాను.

మార్చి 10, ఆదివారం

క్షమాపణల ఆదివారం. ఇవాళ అందరూ అందరినీ క్షమించమని అడగాలి, రేపట్నుంచి ఉపవాసాలు. నెల్లీ వదిన పొద్దున్నే ఫోన్ చేసి క్షమించమంది, "దేవుడు క్షమిస్తాడు" అన్నాను, పెట్టేసింది. ఆవిడ నోట ఏడాదికి ఇదొక్కటే మంచి మాట.

ఆర్కాషా వంటగదిలోకొచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఫాయా, నన్ను క్షమించు."

"దేవుడు క్షమిస్తాడు, నేనూ క్షమిస్తున్నాను."

అలవాటుగా వచ్చేసింది ఆ జవాబు. దేనికని అడగలేదు. నేను తిరిగి క్షమించమని అడగాలి, అది పద్ధతి. అడగలేదు. అట్లు పోస్తూ ఉండిపోయాను. ఈ మనిషి పోవడానికి సిద్ధపడుతుంటే ఎలా క్షమించను? క్షమిస్తే పోనిచ్చినట్టే.

మార్చి 16, శనివారం

ఆపరేషన్‌కి ముందు చివరి శనివారం. ఎక్కడికీ రానన్నాను. "ఒక్కసారి ఫాయా, భోజనం కోసమే. ఒట్టు" అన్నాడు. వెళ్ళాను.

పాత టైర్ల కర్మాగారం వెనక "ర్యాబినుష్క" అని క్యాంటీన్. ట్రేలు పట్టుకుని వరసలో నిలబడే మామూలు చోటు. పక్కన తెర వేసిన పెద్ద హాలొకటుంది. కిటికీలకి కుట్టుపని చేసిన తెరలు, గోడకి ఎర్రపళ్ళ గుత్తుల బొమ్మ. దాన్ని నడిపేది రిమ్మా అని ఒక లావుపాటి మనిషి, మోచేతుల దాకా పిండి, గొంతు మాత్రం పాలపిండిలా మెత్తన. ఈవిడతో వంట గురించి మాట్లాడొచ్చు అనిపించింది.

ఆర్కాషా క్యాబేజీ సూప్ తిన్నాడు, బంగాళాదుంప ముద్దతో కట్లెట్ తిన్నాడు, ఇంకో కట్లెట్ తెచ్చుకున్నాడు. చెమట పట్టింది. తింటున్నంతసేపూ చూశాను. నోరు, దవడ, గొంతు. ఇంక ఇలా తినడు. ఇంత ప్రేమగా తినే మనిషికా ఈ జబ్బు రావాలి? దేవుడికి కళ్ళున్నాయా? ఊళ్ళో మూతి ముడుచుకుని కెలికేవాళ్ళు లేరా?

పక్క బల్లవాళ్ళు వదిలేసిన ట్రే తీసి ఎంగిలి గిన్నెలు అందించే కిటికీలో పెట్టొచ్చాను. ఆర్కాషా అది చూసి నిట్టూర్చి, చేతులు కడుక్కుంటానని వెళ్ళాడు. ఎంతకీ రాడు! లోపల పడిపోయాడేమోనని ప్రాణం గిలగిల్లాడింది. లేచి వెళ్ళబోతుంటే వచ్చాడు, రిమ్మా వెనకాలే వచ్చింది. నన్ను ఒకసారి తేరిపార చూసి, "మీరేనా" అని, ఇంకేమీ అనకుండా లోపలికెళ్ళిపోయింది.

"ఏం మాట్లాడావు ఆవిడతో?"

"కట్లెట్లు బాగున్నాయని చెప్పాను."

నిజంగానే బాగున్నాయి. రొట్టె పాలలో నానబెడుతుంది, అదీ కిటుకు.

మార్చి 19

చేర్చుకున్నారు. పైజామా, చెప్పులు, కప్పు. వార్డు తలుపు దగ్గర, "ఇంక వెళ్ళు" అన్నాడు. వెళ్ళాను.

మార్చి 20

ఇంటి దగ్గరుండమన్నారు. ఇంట్లో ఉండి ఏం చెయ్యను? పనికెళ్ళాను. సెమోలినా జావ కలిపాను, ఫోన్ ఆప్రాన్ జేబులో. పిల్లలు తిన్నారు. మధ్యాహ్నం సూప్ చేశాను. పిల్లలు తిన్నారు. ఫోన్ మోగలేదు. మెరీనా అనే పిల్ల కిటికీలోంచి "ఆంటీ, ఇంకా కావాలి" అంది, నాకు ఏడుపొచ్చింది. ఇంకా కావాలట! నాకూ ఇంకా కావాలి.

పిల్లలు పడుకున్నాక మోగింది. డాక్టరే చేశాడు. తీసేశారట. స్పృహ రాలేదింకా. "గుండె గట్టిది" అన్నాడు. గిన్నెలు కడిగే చోట నేలమీద కూర్చుండిపోయాను. ఎవరూ నన్ను లేపలేదు.

మార్చి 21

ఐసీయూలో ఉన్నాడు. లోపలికి పోనివ్వలేదు.

మార్చి 22

పోనివ్వలేదు.

మార్చి 23

చూశాను. కళ్ళు తెరిచాడు. "తిన్నావా?" అని అడిగాడు నన్ను.

మార్చి 27

అరవై నిండాయి. ఇవాళ శుభాకాంక్షలు చెప్పొచ్చు కాబట్టి వదిన, నేను ఒకేసారి చెప్పాం, పక్క మంచాలవాళ్ళూ చెప్పారు. రెండు చెంచాల చారునీళ్ళు తాగాడు, మూడోది వద్దన్నాడు. నేను బతిమాలాను, వదిన తిట్టింది. మూడోది తాగలేదు.

ఏప్రిల్ 6

ఇంటికొచ్చాడు. కోటు ఆయన్ని వేసుకున్నట్టుంది. రెండేసి గంటలకి ఇంతింత పెడుతున్నాను, కిండర్‌గార్టెన్‌లో చిన్నవాళ్ళ గ్రూపు కంటే తక్కువ. మిక్సీ వేసిన బంగాళాదుంప, మిక్సీ వేసిన చేప. "నువ్వు తిను" అంటాడు. నేను నిలబడే రొట్టెముక్క కొరుక్కుంటున్నాను, కూర్చుంటే మళ్ళీ ఆయనకి పెట్టే వేళవుతుంది.

ఏప్రిల్ 12

రిపోర్టు వచ్చింది. జీర్ణాశయంతో పాటు తీసేసిన చుట్టుపక్కల గ్రంథుల్లో ఒకదాంట్లో కూడా కేన్సర్ కనిపించిందట. మే పద్నాలుగు నుంచి మందు ఎక్కిస్తారు. డాక్టరు "ఒకటే కదా, చాలా మంచి విషయం" అన్నాడు. మంచి విషయమట! ఆర్కాషా బుర్ర ఊపాడు.

ఏప్రిల్ 24

షష్టిపూర్తి చేసి తీరతాను. మందు మొదలెట్టకముందే చేస్తాను. మందు పడ్డాక తలెత్తలేడంటున్నారు. ఆలస్యంగా చేస్తే దోషం లేదని వదిన కూడా ఒప్పుకుంది, ఈస్టర్ దాటితే చాలంది. ఆర్కాషాకి చెప్పను. చెబితే "డబ్బు దండగ, నన్నెవరు చూడాలిప్పుడు" అంటాడు.

ఎక్కడా అని ఆలోచించనే లేదు. ర్యాబినుష్కకి ఫోన్ చేశాను.

"రిమ్మా గారూ, జోనొవ్‌ల ఇంటినుంచి. ఆర్కాది జోనొవ్ భార్యని. మాకు హాలు కావాలండీ. మే పదకొండు, శనివారం, ఒంటిగంటకి."

అటువైపు గిన్నె ఏదో కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత, "అయ్యో తల్లీ" అంది.

"ఖాళీ లేదా?"

"ఉంది తల్లీ, మీకు లేకపోవడమేంటి. నాకంతా తెలుసు. మీరేమీ చెప్పక్కర్లేదు, ఏమీ ఆలోచించకండి. ఎంతమంది?"

"ఓ పాతికమంది. ఏమేం వండాలో..."

"అదీ నేనే చూసుకుంటాను. మీరు వేళకి వచ్చి కూర్చోండి చాలు. ఒళ్ళు జాగ్రత్త తల్లీ." పెట్టేసింది.

ఎంత మంచి మనిషి! ఆయన జబ్బు సంగతి ఎవరో చెప్పి ఉంటారు. మెత్తగా, కారం లేకుండా చేస్తుంది. ఈ ఊళ్ళో ఇంకా మనుషులున్నారు.

మే 5

చొక్కా రెండంగుళాలు లోపలికి కుట్టాను. ఎందుకన్నాడు. ఊరికే అన్నాను.

మే 11, శనివారం

బాగా పొద్దుపోయింది. అయినా రాస్తాను.

టాక్సీ ర్యాబినుష్క ముందాగగానే ఆర్కాషా దిగి నిలబడిపోయాడు. మొహంలో ఉన్న కాస్త రక్తమూ పోయింది.

"ఇక్కడికా?"

"నీ పుట్టినరోజు. ఆలస్యంగా. అందరూ లోపలున్నారు, నవ్వు మొహం పెట్టు."

"ఫాయా, ఆగు. ఫోన్ చేసింది నువ్వా? ఏమని చెప్పావు?"

ఈలోపు లోపల్నుంచి కేక. నెల్లీ వదినది. ఆ గొంతు ఎక్కడున్నా తెలుస్తుంది. తలుపు తోసుకుని వెళ్ళాను.

బల్లలన్నీ ఒకే వరసలో వేసి తెల్ల గుడ్డలు పరిచారు. డిపోవాళ్ళు, పక్కింటివాళ్ళు పూలగుత్తులు పట్టుకుని గోడకి అంటుకుపోయి నిలబడ్డారు, ఒక్కరూ కూర్చోలేదు. బల్ల మధ్యలో కుత్యా గిన్నె. జగ్గుల్లో కిస్సెల్. అట్ల దొంతరలు. ప్రతి ప్లేటు పక్కనా ఒక చెంచా, ఫోర్కు మాత్రం లేదు, దినం భోజనానికి ఫోర్కులు పెట్టరు. బల్ల తలవైపు ఒక గ్లాసు వోడ్కా, దానిమీద మూతగా నల్లరొట్టె ముక్క, పోయినవాడి వాటా. దాని వెనక ఫోటో పెట్టడానికి చోటు వదిలారు. కుర్చీ వేశారు, కుర్చీ వెన్నుకి నల్ల రిబ్బను.

"ఎవరు చేశారిది? ఎవరు చేశారు?" వదిన గొంతు చించుకుంటోంది. "బతికున్నవాడికి! నా తమ్ముడికి! పదండి, అందరూ బయటికి పదండి! అడుగు పెట్టకురా ఆర్కాషా!"

వంటగదిలోంచి రిమ్మా పరిగెత్తుకొచ్చింది. నల్ల గౌను, నల్ల తలగుడ్డ. నా భుజం మీంచి చూసింది. గడపలో ఆర్కాషా. చేతిలో ఉన్న అట్ల ప్లేటు బల్లమీద ఎలా పెట్టిందో ఏమో గానీ పెట్టింది.

"మీరు..." అంది.

"నేనేనండీ" అన్నాడు ఆర్కాషా. "రోజు మాత్రం కొంచెం ముందుకొచ్చింది."

ఎవరూ నవ్వలేదు. ఇది నేను చేశాను. నా ఫోన్‌తో, నా నోటితో నేనే పిలిచి తెచ్చాను. ఆయన ఇక్కడ చెప్పిపెట్టాడని అప్పుడర్థమైంది. ఒట్టేసి! చేతులు కడుక్కుంటానని వెళ్ళి!

ఆయన మెల్లగా నడిచాడు. అందరూ దారిచ్చారు. సరిగ్గా ఆ ఫోటో పెట్టే చోటికే వెళ్ళి, నల్ల రిబ్బను విప్పి జేబులో పెట్టుకుని, ఆ కుర్చీలో కూర్చున్నాడు.

"ఇది నా వాటాయే కదా" అని గ్లాసు మీది రొట్టె తీశాడు.

"నీకు పడదు, ఆర్కాషా!" అన్నాను.

గోరంత తుంచి నోట్లో వేసుకుని, ఆసుపత్రిలో నేర్పినట్టు నమిలాడు. నములుతూనే ఉన్నాడు. ఇంతమందీ ఊపిరి బిగబట్టి ఒక మనిషి రొట్టె నమలడం చూస్తున్నాం. మింగాడు. చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని ఆగాడు. దిగింది.

"రిమ్మా గారూ, అంతా బాగుంది. బతికున్నవాళ్ళకి ఫోర్కులు పెట్టించండి."

అప్పుడు నవ్వారు. డిపో డిస్పాచర్ తమారా ముందు ఏడ్చింది, తర్వాత నవ్వింది, కుర్చీలు లాగిన చప్పుడు, ఎవరో పూలు కుత్యా పక్కన పడేశారు. వదిన ఆ కంగారులో చేతికందిన గ్లాసు ఎత్తి గటగటా తాగేసింది. అది ఎవరి వాటా వోడ్కానో తర్వాత గుర్తొచ్చి భుజం మీంచి ఉమ్మడం మొదలెట్టింది, ఆపలేదు.

నేను వంటగదిలోకి పారిపోయాను. ఫోర్కులు తేవాలని నాకు నేనే చెప్పుకున్నాను. రిమ్మా డ్రాయరు ముందు నిలబడి ఏడుస్తోంది.

"నన్ను క్షమించండి తల్లీ. ఆయన పోయిన నలభయ్యో రోజున పెట్టే భోజనమనుకున్నాను. ఆయన చెప్పినట్టే చేశాను, ఒక్క ముక్క మార్చలేదు."

"ఏం చెప్పాడు?" కోపం పొంగుకొచ్చింది. "ఏం చెప్పాడు మీకు? కుత్యాలో తేనె ఎంత వెయ్యాలోనా?"

"వంట గురించి ఒక్క మాట అనలేదు. 'మా ఆవిడ ఫోన్ చేస్తుంది, రోజు మాత్రం చెబుతుంది. అప్పుడు తననేమీ అడక్కండి, వంట గురించి అసలు అడక్కండి' అన్నాడు. 'వంటగది తలుపు పక్కన కూర్చోబెట్టొద్దు, లేచి ప్లేట్లు మోస్తుంది. గోడ వైపు, మధ్యలో, రెండు పక్కలా లావుపాటి వాళ్ళని వేసి కూర్చోబెట్టండి, లేవడానికి దారుండకూడదు. ముందు తనకే వేడి సూప్ పొయ్యండి. మా అమ్మ పోయినప్పుడు రెండ్రోజులు ఏమీ తినలేదు, ఏడవలేదు కూడా, అందరికీ పెడుతూనే ఉంది. నేను పోయినరోజు తను కూర్చోవాలి, తనకి ఎవరైనా పెట్టాలి' అన్నాడు. ఊరంతా తిరిగాడట తల్లీ, ఎక్కడా అలా ఒప్పుకోలేదట, ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చుంటారు, మాకేం పని అన్నారట. నేను ఒప్పుకున్నాను."

ఫోర్కులు నా చేతిలో ఉన్నాయి. ఎంత తిట్టాను! బస్‌స్టాపులో, ఊరందరి ముందు! చావడానికి తొందరపడుతున్నాడన్నాను. నన్ను ఒక్కదాన్ని చేసి పోతున్నాడనుకున్నాను. చచ్చాక కూడా నా పక్కన ఎవర్ని కూర్చోబెట్టాలా అని తిరిగాడు వెర్రినాగన్న. నోరారా ఒక్క మాట చెప్పొచ్చు కదా! చెబితే నేను విననని తెలుసు. విననుగా మరి.

రిమ్మా నా చేతిలోంచి ఫోర్కులు తీసుకుంది. "ఇవి నేను పెడతాను" అంది.

బయటికొచ్చాను. గోడ వైపు మధ్యలో ఒక కుర్చీ ఖాళీ. ఒక పక్క తమారా, ఇంకో పక్క పక్కింటి బోరిస్, ఇద్దరూ చెరో కొండ. ఒంటిని సన్నం చేసుకుని లోపలికి దూరాను. ఆర్కాషా బల్ల చివర్నుంచి చూశాడు. చెప్పేశారని ఆయనకి తెలిసిపోయింది, చెవులు ఎర్రబడ్డాయి.

"ఫాయా, నన్ను క్షమించు" అన్నాడు, అందరూ వినేలా.

"నువ్వే నన్ను క్షమించు" అన్నాను. ఆ ఆదివారం అనాల్సిన మాట ఇది. అన్నాక ఏడుపాగలేదు. అత్తగారికి ఏడవనిదీ, ఆసుపత్రిలో ఏడవనిదీ, మంగళవారం ఎక్కించబోయే మందుకీ, ఆ ఒక్క గ్రంథికీ, అన్నిటికీ కలిపి ఏడ్చాను. తమారా తన రుమాలిచ్చింది. ఎవరూ నన్ను ఊరుకోమనలేదు.

రిమ్మా నా ముందు సూప్ పెట్టింది. పొగలు కక్కుతోంది. తిన్నాను, అడుగు కనిపించేదాకా తిన్నాను. తర్వాత అట్టు పెట్టింది, అదీ తిన్నాను. ఎదురుగా ఖాళీ ప్లేట్లు పేరుకుంటున్నాయి. వాటిని ఎవరో తీసుకెళ్ళారు. నేను లేవలేదు.